మట్టం

మా బడి గోడ మీద రెండు గీతలున్నాయి.
నడుం ఎత్తున ఒకటి, ఇరవైరెండు వరదది.
నా తల దాటి ఇంకొకటి, ఎనభై ఆరుది.
సున్నం వేసిన ప్రతిసారీ
ఆ రెండింటినీ తప్పించి వేస్తారు మనుషులు.
ఈ లంకలో నీళ్లకే మట్టం గుర్తుంది.
పిల్లలకూ ఒకటి పెడదామని
వైనతేయ పాయ దాటి, పంటు దిగి,
ఒండ్రులో చెప్పులు చేత పట్టుకుని వచ్చాను,
హెడ్మిస్ట్రెస్‌ని.

మొదటి నెలలోనే పరీక్ష పెట్టాను.
నలభై ఒక్కమందిలో పదకొండు మంది
రెండో తరగతి పేరా చదవగలిగారు.
మిగతావాళ్లు ఒత్తు కనిపించిన చోటల్లా
వంతెన లేని కాలవ దగ్గర దూడల్లా ఆగిపోయారు.
పదకొండుని ఎర్ర సిరాతో రాసి
బీరువా తలుపుకి అంటించాను.
పొద్దున్నే దాన్ని చూసి కోపం తెచ్చుకునేదాన్ని.
కోపమే పని అనుకున్న రోజులవి.

ఆటల పీరియడు తీసేశాను.
అన్నం లైన్లో నిలబెట్టి ఎక్కాలు ఒప్పజెప్పించాను,
పదమూడో ఎక్కం వస్తేనే గుడ్డు ముందు.
రాత్రంతా రొయ్యల చెరువు గట్టున
నాన్నతో కాపలా ఉండి
బెంచీ మీద తూలే ఓలేటి ధనుష్‌ని
నీళ్లు చల్లి లేపాను.
ఆ నీళ్లు ఇప్పుడు
అప్పుడప్పుడూ నా మొహాన పడతాయి.

సూరిబాబు మాస్టారికి మెమో ఇచ్చాను,
పావుగంట ఆలస్యానికి.
"ఆయ్, తప్పేనండి" అని సంతకం పెట్టారు.
మర్నాడూ పావుగంట ఆలస్యమే.

మార్చికి పదకొండు ముప్పైనాలుగయింది.
మండలం మీటింగులో నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టారు.
బూందీ పొట్లం ఇంటికి తెచ్చుకున్నాను కూడా.

ఆ వారమే
గెడ్డం నిరీక్షణ, మూడో తరగతి,
గుమ్మంలో నిలబడి పేరా మొత్తం చదివింది,
కామా దగ్గర తగ్గి, చుక్క దగ్గర ఊపిరి పీల్చి.
పుస్తకం తలకిందులుగా ఉంది.

ఏమీ అనలేదు నేను.
వెళ్లి బీరువా ముందు నిలబడ్డాను.
ముప్పైనాలుగు.
ఇందులో చదువొచ్చిన వాళ్లెందరు,
నేనంటే భయం కంఠతా వచ్చిన వాళ్లెందరు?

వరండా గచ్చు వేయడానికి
వాళ్ల నాన్న ఇశ్రాయేలు వచ్చాడు వేసవిలో.
రసమట్టం పెడితే బుడగ అటూ ఇటూ పరుగెత్తింది.
నేను వంగి దాన్ని పట్టుకోబోయాను.
"చెయ్యి తీసెయ్యండమ్మా,
మనం పట్టుకున్నంతసేపూ అది నిజం చెప్పదు" అన్నాడు,
తాపీ మీది సిమెంటు విదిలిస్తూ.

బడి తెరిచాక సూరిబాబు మాస్టారి క్లాసులో
వెనక బెంచీ మీద కూర్చున్నాను, మోకాళ్లు పట్టక పక్కకి తిరిగి.
ఆయన ప్రశ్న అడిగి ఆగేవారు.
కిటికీ బయట కొబ్బరి డొక్కలు నరికే చప్పుడు వినిపించేంత సేపు.
ఆ ఆగడానికి
నా పాఠ్య ప్రణాళికలో గడి లేదు.
(ఆలస్యానికి మెమో మాత్రం వెనక్కి తీసుకోలేదు.
అది అదే, ఇది ఇదే.)

మళ్లీ పరీక్ష పెట్టాం, ఎవరూ చూడని పేరాతో.
పంతొమ్మిది.
ఈసారి పెన్సిలుతో రాశాను.
పై అధికారి అద్దాలు తీసి అడిగారు,
"పడిపోయిందేంటమ్మా?"
"వరద తీసిందండి, నేల కనిపిస్తోంది" అన్నాను.
ఆయన రాసుకున్నది పంతొమ్మిది మాత్రమే.

ఇప్పుడు మా వాచకాల్లో
సిమెంటు బస్తా ఉంది, రేషన్ కార్డుంది,
పంటు రేవులో ఛార్జీల బోర్డుంది,
దానిలో ధనుష్ పట్టిన రెండు తప్పులున్నాయి.
ఆటల పీరియడు తిరిగి వచ్చింది.
ధనుష్ ఇంకా తూలుతూనే ఉంటాడు,
మొదటి గంట పడుకోనిస్తున్నాం. అది సరో కాదో తెలీదు.

నిన్న నిరీక్షణ రొయ్యల మేత సంచి తెచ్చింది.
వేలు పెట్టి, ఒక్కో ఒత్తునీ
ఒండ్రులోంచి కాలు పీకినట్టు పీకుతూ చదివింది:
"ఎండ... తగలని... చోట... భద్ర... పరచ... వలెను."
గడగడా కాదు.
సంచి మాత్రం సరిగ్గానే పట్టుకుంది.
తర్వాత మా క్లాసు గదిని నాలుగువైపులా చూసి
"ఎండ తగలని చోటంటే ఇదేనా టీచర్?" అంది.

కిటికీల అర్జీ పెట్టి రెండేళ్లయింది.
అది చెప్పబోయి
ఆగాను.
ఇంకేదో అడిగేలా ఉంది పిల్ల.